ఇంటి వెలుగు: స్ట్రిప్ లైట్లు అమర్చుకునే ముందు

గత సంవత్సరం షాబాన్ నెలలో విజయనగరంలోని మా ఇంటి హాలుకు కొత్త వెలుగు వచ్చింది. మా తమ్ముడి కుమారుడు శ్రీకాకుళంలో డిప్లొమా చదువుతున్నాడు. రమజాన్ ప్రవేశించేలోగా బడే అబ్బా ఇల్లు చూడముచ్చటగా ఉండాలన్న ఆశతో, అయిదేసి మీటర్ల స్ట్రిప్ లైటు చుట్టలు మూడు, వాటికి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఒకటి కొనుక్కుని వచ్చాడు. అసర్ నమాజు తరువాత నిచ్చెన ఎక్కినవాడు ఇషా వేళకు దిగాడు. ఫాల్స్ సీలింగు అంచు చాటున దాగిన దీపాలు ఒక్కసారిగా వెలిగేసరికి పిల్లలు కేరింతలు కొట్టారు. మేమూ సంతోషించాము. వాడి చేతికి ఈదీ ముందుగానే ఇచ్చి పంపాము.

అందరికంటె ఎక్కువగా ఆనందించినది మా అమ్మీ. ఆమెకు ఎనభై రెండేళ్ళు. అంతకు ముందటి చలికాలంలో తహజ్జుద్ కోసం లేచి, చీకటిలో గుసల్‌ఖానా గడప తగిలి పడిపోయి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మూడు నెలలు కుడిచేత్తో తస్బీహ్ తిప్పలేకపోయారు. "బేటా, ఈ దీపం రాత్రంతా ఉంచితే నాకు దారి కనిపిస్తుంది" అన్నారు. వెంటనే తామే ఒక సందేహమూ లేవనెత్తారు: నిద్రించే ముందు దీపాలు ఆర్పివేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు కదా, మరి ఇది సమ్మతమేనా?

ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్నవారికి ఇటువంటి ప్రశ్న వస్తే సమాధానం నాలుక చివరనే ఉంటుంది. ఎలుక వత్తిని లాక్కుపోయి ఇంటిల్లిపాదినీ కాల్చివేయవచ్చునన్న కారణాన్ని ఆ హదీసులోనే తెలిపారు. ఆ కారణాన్నే మేము మదరసాలో ఇల్లత్ అంటాము. మస్జిదులలో వేలాడదీసే దీపాల వల్ల అగ్నిభయం ఉంటే అవీ ఈ ఆజ్ఞలోకే వస్తాయనీ, ఆ భయం లేకుంటే వాటిని ఉంచడంలో దోషం కనిపించదనీ ఇమామ్ నవవీ (రహ్మలై) వివరించారు. ఇల్లత్ లేనిచోట నిషేధం లేదు. ఈ దీపానికి వత్తి లేదు, నూనె లేదు, మంట లేదు. పైగా ఇది పన్నెండు వోల్టులది, తాకినా షాక్ కొట్టదు. కాబట్టి నిశ్చింతగా ఉంచుకోవచ్చునని అమ్మీకి చెప్పాము. నిచ్చెన ఎక్కి చూడకుండానే ఆ సమాధానం ఇచ్చాము.

పదో రాత్రి, సుమారు మూడు గంటల వేళ, అమ్మీ మమ్మల్ని లేపారు. హాలులో ఏదో కమురు వాసన వస్తున్నదన్నారు. మాకు ఏమీ తెలియలేదు, ఆమె పట్టుబట్టారు. మెయిన్ ఆపి, టార్చి పట్టుకుని జిప్సమ్ పలక ఒకటి విప్పించేసరికి తెల్లవారింది. రెండు చుట్టలను కలిపిన ప్లాస్టిక్ క్లిప్పు కరిగి బొగ్గయింది. దానికి ఆనుకుని ఉన్న చెక్క పట్టీ అరచేయి మేర గోధుమరంగుకు మారి ఉంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా, మెయిన్ ఆపి గంట దాటినా, చేయి ఆనిస్తే ఇంకా వెచ్చగానే ఉంది. ఇల్లత్ లేదని మేము చెప్పిన మాట మా నెత్తిమీదే కాలుతూ ఉండింది.

మిస్త్రీ అడిగిన మూడు ప్రశ్నలు

ఉదయం వచ్చిన ఎలక్ట్రీషియన్ చాలాకాలంగా మా వీధిలో పనిచేస్తున్నవాడు. ఆయన ఎవరినీ నిందించలేదు. మూడు ప్రశ్నలు మాత్రమే అడిగాడు: ఎన్ని మీటర్లు వేశారు, మీటరుకు ఎన్ని వాట్లు, డబ్బామీద ఎంత రాసి ఉంది? చుట్ట మీది చీటీ చూస్తే మీటరుకు 14.4 వాట్లు. పదిహేను మీటర్లకు 216 వాట్లు. డబ్బామీద 12 వోల్టులు, 10 ఆంపియర్లు అని ఉంది. అంటే దాని శక్తి 120 వాట్లే. "ఇంత బరువు ఈ చిన్న డబ్బా ఎలా మోస్తాదండీ మౌల్వీ గారూ?" అన్నాడు.

ఇక్కడ మా వంటి సామాన్యులు తప్పక గ్రహించవలసిన విషయం ఒకటుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు, అంటే తీగలో ప్రవహించే కరెంటు, వస్తుంది. 216 వాట్ల పరికరాన్ని మామూలు 230 వోల్టుల మీద నడిపితే తీగలో ఒక ఆంపియరు కూడా పారదు. అదే పరికరం 12 వోల్టులదైతే 18 ఆంపియర్లు పారాలి. తీగను వేడెక్కించేది వోల్టేజీ కాదు, కరెంటు. అదీ కరెంటు వర్గాన్ని బట్టి. ఒకే తీగ గుండా అంతే శక్తిని 230కి బదులు 12 వోల్టుల మీద పంపితే ఆ తీగలో పుట్టే వేడి మూడు వందల అరవై రెట్లకు పైగా పెరుగుతుంది. గీజరుకు పెట్టే పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లకు ఉద్దేశించినది. మా వాడు దానికి మించిన కరెంటును చిటికెన వేలి వెడల్పు ఉన్న పలుచని రాగిరేకు గుండా పంపాలని చూశాడన్నమాట. నిజానికి అంత కరెంటు పారలేదు. దారిలోనే వోల్టేజీ పడిపోయి మూడో చుట్ట మసకబారింది. ఆ మసకను చూసి మేము అదొక అలంకారం కాబోలుననుకున్నాము.

ఎంసీబీ ఎందుకు పడలేదని అడిగాము. ఎంసీబీ 230 వోల్టుల వైపు కాపలా కాస్తుంది. ఆ వైపున పారుతున్నది ఒక ఆంపియరు లోపే. డబ్బాకు అవతలివైపు, 12 వోల్టుల తీగలో క్లిప్పు కాలిపోతూ ఉన్నా దానికి తెలియదు. తక్కువ వోల్టేజీలో షాకు భయం తగ్గుతుంది, ఆ మేరకు వేడి భయం పెరుగుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో మొదటిది నిజంగా మేలే. రెండోది మాత్రం అమర్చే వ్యక్తి లెక్క వేయకపోతే కంటికి కనబడదు.

ఆ మాత్రం లెక్క ఎవరైనా వేయవచ్చు. కొనబోయే స్ట్రిప్ మీటరుకు ఎన్ని వాట్లో చుట్టమీద చూడాలి. అంగడివారు చెప్పలేకపోతే ఆ చుట్ట కొనకపోవడమే మంచిది. మీటర్ల సంఖ్యతో హెచ్చించాలి. వచ్చినదానికి కనీసం అయిదో వంతు కలిపి, అంతకు తగ్గని ఎస్‌ఎంపీఎస్ తీసుకోవాలి. అరవై వాట్ల స్ట్రిప్‌కు డెబ్బై రెండు వాట్లు దాటిన డబ్బా అన్నమాట. డబ్బామీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉన్నదో లేదో చూడాలి. చవక డబ్బాలపై రాసిన ఆంపియర్లన్నీ నిజం కావని మిస్త్రీ హెచ్చరించాడు.

2014 అక్టోబరు

ఈ దీపం మన జిల్లాలకు వచ్చిన కాలాన్ని తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. నీలిరంగు ఎల్‌ఈడీని సాధించినందుకు జపాన్‌లో జన్మించిన ముగ్గురు శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురాలకు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించినది 2014 అక్టోబరు 7న. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు దశాబ్దాల క్రితమే ఉన్నాయి. నీలం దొరకనందువల్లనే తెల్లని వెలుగు ఆలస్యమైంది. ఈనాటి తెల్లని ఎల్‌ఈడీలో ఉన్నది నిజానికి నీలి దీపమే. దానిపై పూసిన పసుపు పదార్థం వల్ల అది మనకు తెల్లగా కనిపిస్తుంది. ఆ ప్రకటన వెలువడిన అయిదు రోజులకే, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటింది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకటిలో మగ్గాయి. ఆ దరిదాపుల్లోనే ఇంటికి రెండు చొప్పున, ఒక్కొక్కటి పది రూపాయలకు ఎల్‌ఈడీ బల్బులు పంచే పథకం శ్రీకాకుళం సహా రాష్ట్రంలోని నాలుగు జిల్లాలలో మొదలైంది. ఏడు వాట్ల బల్బు అరవై వాట్ల పాత బల్బుకు దీటుగా వెలుగుతుందంటే మొదట మా బంధువులలో పలువురు నమ్మలేదు.

బల్బుల విషయంలో మన గృహాలు నేర్చుకున్న పొదుపు స్ట్రిప్ లైట్ల విషయంలో తిరిగి చేజారుతున్నదని మాకు తోస్తున్నది. ఏడు వాట్ల బల్బుతో వెలిగిన హాలులో నేడు రెండు వందల వాట్ల స్ట్రిప్ వేస్తున్నాము. ఎల్‌ఈడీ గనుక కరెంటు కాలదన్న భ్రమ మనల్ని దుబారా వైపు నడిపిస్తున్నది.

ఎవరి కంటికి, ఏ పనికి

మాడిన క్లిప్పుతో పాటు మొత్తం అమరికను తీసివేయించాము. రెండోసారి మొదలుపెట్టినప్పుడు అంగడికి వెళ్ళలేదు. ఒక కాగితం తీసుకుని, ఇంట్లో ఎవరు, ఏ వేళ, ఎక్కడ, ఏ పని చేస్తూ వెలుగు చాలక ఇబ్బంది పడుతున్నారో రాసుకున్నాము. మూడే తేలాయి: రాత్రివేళ అమ్మీ నడిచే దారి, వంటింటి గట్టు, హాలులో ఖుర్ఆన్ పారాయణం చేసే మూల. సీలింగు అంచు ఆ జాబితాలో లేనే లేదు.

వస్తువుల నుండి వచ్చే వెలుగు కంటిలో ప్రవేశించినప్పుడే మనకు చూపు కలుగుతుందని వెయ్యేళ్ళ క్రితం ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో నిరూపించాడు. కంటి నుండి కిరణాలు వెలువడి వస్తువులను తాకుతాయని అంతవరకు ఎందరో భావించేవారు. ఆయన చెప్పిన దానిని ఇంటికి అన్వయిస్తే, మనం చూడవలసింది దీపాన్ని కాదు, దీపం పడిన చోటును. స్ట్రిప్ కంటికి సూటిగా తగిలితే కనుపాప ముడుచుకుపోయి, చుట్టుపక్కల చీకటి మరింత చిక్కబడుతుంది. ముసలివారి కళ్ళకు ఈ బాధ అధికం.

అమ్మీ దారికి నాలుగు మీటర్లు సరిపోయాయి: మంచం పక్కపట్టీ కింద ఒక మీటరు, గోడ వెంబడి నేలకు జానెడు ఎత్తున రెండు, గుసల్‌ఖానా గడప దగ్గర ఒకటి. అన్నీ నేలవైపు తిరిగి ఉన్నాయి; పడుకున్నవారికి దీపం కనబడదు, నేల మాత్రమే కనబడుతుంది. మీటరుకు 4.8 వాట్ల పలుచని స్ట్రిప్ తీసుకున్నాము. మొత్తం 19.2 వాట్లు, 1.6 ఆంపియర్లు. దీనికి మూడు ఆంపియర్ల డబ్బా. రంగు పసుపు ఛాయ ఉన్న తెలుపు, అంటే చీటీపై 2700 లేదా 3000 కెల్విన్ అని ఉండేది. 6500 అని రాసి ఉండే నీలి తెలుపు మన అంగళ్ళలో ఎక్కువగా అమ్ముడుపోతుంది. అర్ధరాత్రి అటువంటి వెలుగు కంటబడితే నిద్రను కలిగించే హార్మోను తగ్గుతుంది. నమాజు చేసి తిరిగి పడుకోదలచినవారికి అది తగినది కాదు.

దీనికి మనిషి కదలికను బట్టి వెలిగే పీఐఆర్ సెన్సరు ఒకటి కలిపాము. అమ్మీ కాలు కింద పెట్టగానే వెలుగుతుంది, ఆమె తిరిగి పడుకున్న రెండు నిమిషాలకు ఆరిపోతుంది. రాత్రి మొత్తం మీద అరగంట వెలిగినా ఏడాదికి మూడున్నర యూనిట్లు. అవే దీపాలు రాత్రి పది గంటలూ వెలిగి ఉంటే డెబ్బై యూనిట్లు.

వంటింటి సంగతి మా ఇంటావిడ చెప్పేదాకా మాకు స్ఫురించలేదు. ట్యూబులైటు ఆమె వెనుక గోడకు ఉంది. సహరీ వేళ కూరగాయలు తరుగుతుంటే కత్తి మీద ఆమె నీడే పడుతుంది. ముప్పై ఏళ్ళు ఆ నీడలోనే వండి పెట్టారు, మేము తిన్నాము. గట్టు పైనున్న అల్మరా అడుగున, ముందు అంచు దగ్గరగా, రెండు మీటర్ల స్ట్రిప్ వేశాము. వెనుక గోడ దగ్గర వేస్తే గోడే వెలుగుతుంది, పని జరిగే చోట వెలుగు తగ్గుతుంది. గట్టు నల్లని గ్రానైటు కావడం వల్ల దీపాల చుక్కలన్నీ అద్దంలో లాగా ప్రతిబింబించాయి. పాల రంగు మూత ఉన్న అల్యూమినియం ప్రొఫైలులో స్ట్రిప్‌ను అమర్చాక ఆ చుక్కలు మాయమయ్యాయి. ఆ మూతను గుడ్డతో తుడుచుకోవచ్చు. తాలింపు జిడ్డు దీపాలకు పట్టదు. పొయ్యికి సరిగ్గా పైన మాత్రం స్ట్రిప్ వేయకూడదు.

పారాయణం మూలలో మరొక పాఠం నేర్చుకున్నాము. మా మనుమలు తజ్వీద్ నియమాలను రంగులలో ముద్రించిన ముస్హఫ్‌లో చదువుతారు. ఎక్కడ గున్నా చేయాలో, ఎక్కడ మద్ద్ లాగాలో అక్షరం రంగే చెబుతుంది. పాత దీపం కింద కూర్చున్నప్పుడు చిన్నవాడు ఎరుపుకు, నారింజకు భేదం తెలియక తడబడేవాడు. వాడి శ్రద్ధ చాలదని మేము కసురుకున్నాము కూడా. వస్తువుల రంగులను దీపం ఎంత నిజంగా చూపుతుందో తెలిపే కొలత ఒకటుంది, దానిని సీఆర్ఐ అంటారు. గరిష్ఠం వంద. చవక స్ట్రిప్‌లు ఎనభైకి అటూ ఇటూ ఉంటాయి. తొంభై దాటినదానిని అడిగి తెచ్చి, పుస్తకాల గూడు పై పలక అడుగున, వెలుగు పేజీ మీద పడేటట్లు వేసిన తరువాత వాడి తడబాటు తగ్గింది. కసురుకున్నందుకు వాడికి సంజాయిషీ చెప్పుకున్నాము.

తీగ, కత్తిరింపు, అతుకు

12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి దీపాలు ఒక జట్టు. ప్రతి జట్టు చివర కత్తెర గుర్తు ముద్రించి ఉంటుంది. మీటరుకు అరవై దీపాలున్న స్ట్రిప్‌ను అయిదు సెంటీమీటర్లకొకచోట కత్తిరించవచ్చు. గుర్తు తప్పి కత్తిరిస్తే ఆ జట్టులోని మూడూ ఆరిపోతాయి. 24 వోల్టులదానిలో సాధారణంగా ఆరు దీపాలు ఒక జట్టు. ఏ ఎల్‌ఈడీ స్ట్రిప్‌కైనా ప్లస్, మైనస్ ఉంటాయి, తారుమారైతే వెలగదు.

చుట్టకు చుట్ట తగిలించుకుంటూ పోవడం మా ఇంట్లో జరిగిన అసలు తప్పు. 12 వోల్టుల స్ట్రిప్ ఒక ముక్క అయిదు మీటర్లు మించకూడదు. అంతకంటె కావలసి వస్తే ప్రతి ముక్కకూ ఎస్‌ఎంపీఎస్ నుండి విడిగా తీగ రావాలి. ఆ తీగ మందమూ లెక్కించుకోవలసిందే. ఆరు ఆంపియర్ల కరెంటును అయిదు మీటర్ల దూరానికి 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగతో పంపితే రానూపోనూ కలిపి సుమారు ఒక వోల్టు దారిలోనే పోతుంది. పన్నెండింటిలో ఒకటి అంటే కంటికి తెలిసేంత మసక. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే నష్టం అర వోల్టు లోపే. అంతే శక్తిని 24 వోల్టుల మీద పంపితే కరెంటు సగమవుతుంది గనుక సన్నని తీగలోనూ అర వోల్టే పోతుంది, అదీ ఇరవై నాలుగింటిలో. పెద్ద హాలు చుట్టూ వేయదలచినవారు 24 వోల్టుల వైపే మొగ్గు చూపడం మేలు.

అతుకుల దగ్గర క్లిప్పులకు బదులు సాల్డరింగ్ చేయించాము. నొక్కితే పట్టుకునే ఆ క్లిప్పులు ఒకటి రెండు ఆంపియర్ల వరకు పనిచేస్తాయేమో గాని, సముద్రపు గాలికి వాటి నాలుకలు తుప్పు పట్టి, పట్టు వదులై, అక్కడే వేడి పుడుతుంది. భీమిలి, కళింగపట్నం, బారువ వంటి తీరప్రాంతాలలో ఉండేవారికి ఉప్పుగాలి ఇనుప కిటికీలను ఏమి చేస్తుందో తెలుసు. స్ట్రిప్ లైటు రాగినీ అదే చేస్తుంది. అటువంటి ఇళ్ళలో సిలికాన్ తొడుగు ఉన్న స్ట్రిప్ తీసుకుని, కత్తిరించిన చివరను కూడా సిలికాన్‌తో మూసివేయాలి. గోడకు సున్నం వేసిన పాత ఇళ్ళలో స్ట్రిప్ వెనుక ఉండే జిగురు వారం కూడా నిలవదు. సున్నం పొడితో సహా ఊడి వస్తుంది. అల్యూమినియం ప్రొఫైలును మరలతో బిగించి, దానిని స్పిరిటుతో తుడిచి, ఆ తరువాతే స్ట్రిప్ అంటించాలి. దీపాల వేడిని పీల్చుకోవడం కూడా ఆ అల్యూమినియం పనే.

అంటించే ముందు అన్నీ నేలమీద పరచి, ఒకసారి వెలిగించి చూసుకోవాలి. చుట్ట విప్పకుండా ఎక్కువసేపు వెలిగించకూడదు, లోపల వేడి పోగుపడుతుంది. అమర్చాక గంటసేపు వెలిగించి ఉంచి, మెయిన్ ఆపి, ప్రతి అతుకు మీదా, డబ్బామీదా చేయి వేసి చూడాలి. చేయి ఆన్చి ఉంచలేనంత వేడి ఉంటే లెక్క ఎక్కడో తప్పింది.

230 వోల్టుల వైపు పని మాత్రం అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌దే. ఇనుప జాలీ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కు ఎర్త్ తీగ కలపడానికి విడిగా ఒక మర ఉంటుంది. మా వాడు దానిని ఖాళీగా వదిలేశాడు. చాలామంది అంతే చేస్తారు. ఎర్త్ లేకుండా లోపల ఏదైనా చెడితే ఆ ఇనుప డబ్బా మొత్తానికి 230 వోల్టులు రావచ్చు. అప్పుడు 12 వోల్టుల దీపం గనుక షాక్ కొట్టదన్న మాటకు అర్థముండదు. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఇంటి మొత్తానికీ రక్షణ. డబ్బాను ఎన్నడూ సీలింగు లోపల, దూది, గుడ్డలు, చెక్కల మధ్య పెట్టకూడదు. చేతికి అందేచోట, గాలి ఆడేచోట పెట్టాలి. ఇప్పుడు మా ఇంట్లో రెండు డబ్బాలూ షెల్ఫు పక్కన, కంటికి ఎదురుగా ఉన్నాయి. అందంగా లేవని పిల్లలు గొణుగుతున్నారు.

బ్యాటరీ మీద

కరెంటు పోయినప్పుడు ఈ దీపాలను ఇన్వర్టరు బ్యాటరీకి నేరుగా కలపవచ్చునా అని కొందరు అడుగుతుంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఉద్దానం పల్లెలు చాలా రోజులు కరెంటు లేకుండా ఉన్నాయి. సోంపేట వైపున్న మా బంధువుల ఇంట్లో ఆ రోజుల్లో మోటారు సైకిలు బ్యాటరీకి ఒక మీటరు స్ట్రిప్ తగిలించుకుని రాత్రులు గడిపారు. ఆ యుక్తి లెక్కకు నిలిచేదే. మీటరుకు 4.8 వాట్ల స్ట్రిప్ తీసుకునేది 0.4 ఆంపియరు. అయిదు ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం వాడుకున్నా ఆరు గంటలు వెలుగుతుంది. కొబ్బరిచెట్లన్నీ కూలిపోయిన ఊరిలో పసిపిల్లలున్న ఇంటికి ఆ ఒక్క మీటరు వెలుగు ఎంత విలువైనదో వారు చెబుతుంటే విన్నాము.

అయితే దానినే శాశ్వతంగా పెట్టుకోదలచినవారు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు పద్నాలుగు వోల్టులు దాటుతుంది. 12 వోల్టుల స్ట్రిప్ అప్పుడు అమితంగా వెలిగి, వేడెక్కి, త్వరగా చెడిపోతుంది. మధ్యలో వోల్టేజీని స్థిరంగా ఉంచే చిన్న కన్వర్టరు ఒకటి ఉండాలి. రెండోది మరింత ముఖ్యం: బ్యాటరీ ప్లస్ కొనకు అతి చేరువలో ఫ్యూజు ఉండాలి. ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ రెండు కొనలు పొరపాటున కలిస్తే వందల ఆంపియర్లు పారుతాయి. ఆ తీగ ఎర్రగా కాలి అంటుకోవడానికి క్షణాలు చాలు. ఎస్‌ఎంపీఎస్ అయితే తన శక్తి దాటినప్పుడు ఆగిపోయే అవకాశమైనా ఉంది. బ్యాటరీకి ఆ విచక్షణ లేదు.

సీలింగు అంచు ఇప్పుడు ఖాళీగానే ఉంది. మా తమ్ముడి కుమారుడు నిరుత్సాహపడకూడదని రెండో అమరికలో సాల్డరింగ్ పనంతా వాడిచేతనే చేయించాము. మిస్త్రీ పక్కన కూర్చుని చూశాడు. లెక్కల కాగితం కూడా వాడే రాసి, ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించాడు: ఎన్ని మీటర్లు, ఎన్ని వాట్లు, ఎన్ని ఆంపియర్లు, ఏ తేదీన అమర్చినది. రేపు ఎవరు మరమ్మతుకు వచ్చినా వెతుక్కోనక్కరలేదు.

అమ్మీ ప్రశ్నకు మేము తిరిగి సమాధానం చెప్పవలసి వచ్చింది. పడుకునే ముందు వంటింటివీ, హాలువీ స్విచ్చి దగ్గరే ఆపివేస్తున్నాము. దారి దీపం మాత్రం సెన్సరు మీద ఉంటుంది. అది ఎందుకు సమ్మతమో ఈసారి వట్టి మాటలతో చెప్పలేదు. ఆమె చేయి పట్టుకుని తీసుకువెళ్ళి, గంటసేపు వెలిగిన డబ్బామీద పెట్టించాము. "చల్లగానే ఉంది" అన్నారు.

ఒక్క చిక్కు మిగిలింది. పక్కింటి పిల్లి పెరటి కిటికీలోంచి వచ్చి మంచం పక్కగా పోతుంటే సెన్సరు దానినీ మనిషిగానే లెక్క వేసి దీపం వెలిగిస్తున్నది. సెన్సరును మరో జానెడు పైకి జరిపి, ముఖం కొంచెం పైకి తిప్పితే సరిపోతుందని మిస్త్రీ చెప్పి వెళ్ళాడు. అమ్మీ వద్దంటున్నారు. పిల్లి వచ్చిన సంగతి తమకు తెలియాలట, పాలగిన్నె మీద మూత ఉన్నదో లేదో చూసుకోవడానికి.